నా సర్వీసులో ఒకే ఒక్క నాగా

బొగ్గు కంపెనీలో ముప్పై మూడేళ్ళు పనిచేశాను గానీ ఒక్కరోజూ బొగ్గుబాయి దిగలేదు. నా చేతికి అంటిన నలుపంతా మొదట కార్బన్ కాగితానిది, తర్వాత ప్రింటర్ రిబ్బన్‌ది. కంప్యూటర్ సెక్షన్ నాది. గోదావరిఖని ఎండల్లో ఏసీ గదిలో కూర్చుని ఉద్యోగం వెలగబెట్టిందని మా వీధిలో కుళ్ళుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కుళ్ళుకోనీ. ఆ ఏసీ మా కోసం కాదు, మెషీన్ల కోసం. మేము మే నెలలో కూడా స్వెట్టర్లు వేసుకుని ముక్కులు తుడుచుకుంటూ కూర్చునేవాళ్ళం.

మా వైపు డ్యూటీకి పోతే మస్టర్ పడింది అంటాం, పోకపోతే నాగా అంటాం. ఈ రెండు మాటల నడుమే మా బతుకులు. నాకూ సెలవులున్నాయి, జ్వరాలున్నాయి, రెండు కాన్పులున్నాయి. అన్నిటికీ కాగితం పెట్టాను. కాగితం లేని నాగా నా సర్వీసు మొత్తంలో ఒక్కటే ఉంది. పిల్లలూ, మీరు హైదరాబాద్‌లో పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లు రాస్తున్నారట కదా, ఆ నాగా కథ మీకు పనికొస్తుంది. వినండి.

ఇంకో మూడేళ్ళకు రిటైరవుతాననగా కంపెనీవాళ్ళు ఒక క్లౌడ్ మెసేజింగ్ సర్వీసు తీసుకున్నారు. నోటీసు బోర్డుకు కాగితం అంటించడం మానేసి కార్మికుల ఫోన్లకే కబుర్లు పంపాలని ఆలోచన. ఆ సర్వీసుకూ మా ఉద్యోగుల పట్టికకూ నడుమ ఒక సాఫ్ట్‌వేర్ లైబ్రరీ రాయాలి. నాతోపాటు ఒక ప్రైవేటు కంపెనీ తరఫున పెద్దపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక ప్రోగ్రామర్ పిల్లను వేశారు. నేను లైబ్రరీ పని చేస్తున్నానని తెలిసి మా పక్కింటి కాక ఎంత సంతోషపడ్డాడో.

"మంచిగయింది బిడ్డా, లైబ్రరీల వేసిన్రా? ఇంక ఫికర్ లేదు, అన్ని పేపర్లు చదువుకోవచ్చు," అన్నాడు.

ఆ వయసులో కొత్త భాష నేర్చుకుని ప్రోగ్రాం రాశాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్ప కోసమే.

కబురు రాయడం ఎవరికైనా వస్తుంది. అది ఎవరెవరికి పోవాలో చెప్పడమే అసలు పని. మీరు దాన్ని ఆడియెన్స్ సెగ్మెంట్ అంటారు. ఫలానా గని, ఫలానా షిఫ్టు, పైన పనిచేసేవాళ్ళా లోపల పనిచేసేవాళ్ళా అని ఒక్కొక్క షరతు పెట్టి, ఆ షరతులన్నీ కలిపి ఒక ఆబ్జెక్టు కట్టాలి. ఆ ఆబ్జెక్టును సర్వీసు చేతిలో పెడితే అది పట్టిక వెతికి మనుషులను ఏరుకుంటుంది. చూడటానికి చిన్న పనే. మొదటి వారంలోనే తల బొప్పి కట్టింది. మా సారు "ఒకటో షిఫ్టు, రెండో షిఫ్టు వాళ్ళకు పంపండి" అన్నాడు. నేను ఆ రెండు షరతులూ నిజం కావాలని కట్టాను. ఒక్కరికీ పోలేదు. ఒకే మనిషి ఒకేరోజు రెండు షిఫ్టుల్లో ఎట్లా ఉంటాడు? ఆ పెద్దపల్లి పిల్ల బల్లమీద తలపెట్టి నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

గుమాస్తాలకు ఈ షరతుల గొడవ వద్దని, తరచూ వాడే సెగ్మెంట్లను ముందే కట్టి, తెలుగులో పేర్లు పెట్టి, జాబితాలో ఉంచాను. పర్మినెంట్. కాంట్రాక్టు. లోపలి పని. పై పని. వాటిలో ఒకదానికి ‘బదిలీ’ అని పేరు పెట్టాను. అక్కడే ఆ పిల్ల నన్ను ఆపింది.

"మేడం, బదిలీ అంటే ట్రాన్స్‌ఫర్ గదా? గిది బదిలీ వర్కర్ల గురించి గదా? చూసేటోళ్ళు పరేషాన్ అయితరు."

"ఏం పరేషాన్ గారు. బొగ్గు బెల్టుల బదిలీ అంటే ఒక్కటే అర్థం."

"మా బాపు టీచర్ మేడం. మా ఇంట్ల బదిలీ అంటే సామాన్లు సదురుడే."

"నువ్వు బాయి మీద పుట్టలే బిడ్డా, నీకు తెల్వది. రాయి," అన్నాను.

రాసింది. పై అధికారి మాట కదా.

నాకంత ధీమా ఎందుకంటే మా నాయిన బదిలీ ఫిల్లర్. బొగ్గు ఎత్తి టబ్బులు నింపే పని, అదీ సొంత పని కాదు. పొద్దున్నే తట్టా పారా పట్టుకుని బాయి మీద నిలబడేవాడు. పర్మినెంటు వాళ్ళ పేర్లు పిలిచి, ఎవడైనా రాకపోతే ఆ చోటులోకి బదిలీవాళ్ళను పిలిచేవాళ్ళు. అందరూ వస్తే నాయిన ఇంటికి తిరిగొచ్చేవాడు. పొద్దున ఎనిమిదింటికి ఆయన అడుగుల చప్పుడు వినపడిందంటే మా అమ్మ, మేం అవ్వ అంటాం, ఆమె ముఖం మాడిపోయేది. అట్లా ఎన్నో ఏళ్ళు గడిచాక పర్మినెంటు అయ్యాడు. ఇంక నాకు బదిలీ అన్న మాటకు వేరే అర్థం ఎట్లా తోస్తుంది? ఇప్పుడు బదిలీవాళ్ళ తీరు మారింది. రోజూ పని ఇస్తారు, కానీ పర్మినెంటు కావాలంటే ఏడాదిలో పెట్టిన లెక్కకు మస్టర్లు నిండాలి. ఒక్కటి తక్కువైనా మళ్ళీ కొత్త ఏడాది మొదటినుంచీ లెక్కే.

రెండేళ్ళ పాటు ఆ జాబితా బాగానే నడిచింది. నేను చెప్పలేదా అని ఆ పిల్ల ముందు రెండు మూడుసార్లు అన్నాను కూడా. నోటిదూల.

ఆ డిసెంబరులో క్రిస్మస్ అయిన రెండోరోజు. మాది చర్చికి పోయే ఇల్లు, పండగ మిగులు గరిజెలు డబ్బాలో పెట్టుకుని సెక్షన్‌కు తెచ్చాను. అప్పట్లో ఒక పాత గని మూసేస్తున్నారు, అక్కడివాళ్ళను ఓపెన్‌కాస్టు గనులకు ట్రాన్స్‌ఫర్ చేశారు. వాళ్ళకు కబురు పంపే పని పర్సనెల్ సెక్షన్ గుమాస్తాది. ఆయన యాభై దాటిన పెద్దమనిషి, హైదరాబాద్ ఆఫీసు నుంచి తనకిష్టం లేకుండా ట్రాన్స్‌ఫర్ మీద వచ్చి నెల కూడా కాలేదు. కూర్చుంటే బదిలీ, లేస్తే బదిలీ, ఆ మాటే నమిలేవాడు. జాబితా తెరిచాడు, ‘బదిలీ’ కనపడింది, నొక్కేశాడు.

ఆయన రాసినవి రెండు కబుర్లు. మొదటిది: "మీ పేరు మీ గని మస్టర్ రోల్ నుండి తీసివేయడమైనది. నేటి నుండి అక్కడ మీకు మస్టర్ పడదు." రెండోది ఎవరు ఏ ఓపెన్‌కాస్టులో చేరాలో చెప్పేది. కొత్త చోటు పేరు పట్టికలో లేనివాళ్ళకు రెండోది పోకుండా నేనే జాగ్రత్తగా రాశాను. బదిలీ వర్కర్లకు కొత్త చోటు ఎక్కడుంటుంది? కాబట్టి వాళ్ళందరికీ మొదటిది మాత్రమే చేరింది. పేరు తీసేశారు, మస్టర్ పడదు, అంతే.

పదకొండు కాకముందే గేటు దగ్గర గుంపు చేరింది. లోపలికి అరుపులు వినపడుతున్నాయి.

"మా కొలువులు ఎందుకు వీకిన్రు? ఏం తప్పు జేసినం? ఒక్క మాటన్న చెప్పాలె గదా!"

పరుగున పోయి పంపిన కబుర్ల పట్టిక తీశాను. సెగ్మెంటు పేరు చూశాను. ‘బదిలీ’ అని ఉంది. పెద్దపల్లి పిల్ల నా భుజం మీదుగా అదే చూస్తోంది. నేను అప్పుడే చెప్పాను కదా అని అంటుందేమోనని ఎదురుచూశాను. అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

"మేడం, జల్ది సరైన కబురు పంపుదాం. ఏడ్సుడు తర్వాత ఏడుద్దాం," అంది.

"పొద్దున వచ్చిన కబురు తప్పు. మీ ఉద్యోగం అట్లనే ఉంది. మీ షిఫ్టుకు రండి" అని రాసి, అదే సెగ్మెంటుకు పంపాం. ఈసారి నాలుగుసార్లు చదివి నొక్కాను. గేటు దగ్గర గొడవ సద్దుమణిగింది. ఒకాయన లోపలికొచ్చి "పానం మీదికి తెచ్చిన్రు గదా తల్లీ" అని, డబ్బాలో గరిజె ఒకటి తీసుకుని మరీ వెళ్ళాడు. కబురు ఎవరికి చేరిందో చెప్పే రిపోర్టు గీత గీతగా పచ్చబడుతూ వచ్చింది. ఒక్క గీత మాత్రం పచ్చబడలేదు. అరగంట చూశాం. ఫోన్ చేశాం, స్విచ్చాఫ్.

ఆ పేరు తెరిచాను. ఆడమనిషి. భర్త గనిలో చేస్తూ జబ్బుతో పోతే ఆ ఉద్యోగం ఈమెకు వచ్చింది. రామగిరి వైపు సెంటినరీ కాలనీలో క్వార్టర్. గని దగ్గర టోపీ లైట్లు ఇచ్చి పుచ్చుకునే ల్యాంప్ రూంలో పని, ఆ రోజు రెండో షిఫ్టు, అంటే మూడింటికి హాజరు. పక్క గడిలో మస్టర్లు చూశాను. ఏడాది నడుమ చేరింది కాబట్టి, చివరి దాకా ఒక్క రోజూ తప్పకుండా పోతేనే లెక్క నిండుతుంది. ఈ రోజు నాగా పడిందా, ఈ ఏడాదంతా గంగలో కలిసినట్టే.

గనికి ఫోన్ చేసి మనిషిని పంపమని అడిగాను. "చూస్తం మేడం" అన్నారు. మా వైపు ‘చూస్తం’ అంటే ‘చూడం’ అని. గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది. బయటికి పోవాలంటే అవుట్‌పాస్ మీద సారు సంతకం కావాలి, సారేమో మీటింగులో ఉన్నాడు. ఇంక అట్లా కూర్చోవడం నావల్ల కాలేదు. గుమాస్తా దగ్గరకు పోయాను.

"నీకు బండి ఉంది గదా తమ్మీ? లే, పోదాం."

"ఒక్క నిమిషం అక్కా," అని ఆయన నిదానంగా సగంరోజు సెలవు కాగితం నింపి, సంతకం చేసి, బల్లమీద పెట్టి, నకలు జేబులో వేసుకుని లేచాడు. చూడండి, అదీ హైదరాబాద్ ఆఫీసు తెలివంటే. నేను ఏ కాగితమూ పెట్టకుండా బండెక్కాను.

దారంతా బొగ్గు లారీలు. దుమ్ముకు కళ్ళు తెరవలేకపోతున్నాం. ఒక లారీని దాటించాక ఆయన అన్నాడు.

"నన్ను తెచ్చి ఇక్కడ పడేసిన్రని కోపంల ఉన్ననక్కా. ఆ మాట కనవడంగనే నొక్కిన. ఇంకోసారి సూడలే."

"నొక్కింది నువ్వే. పేరు వెట్టింది నేను. వద్దన్న పిల్ల నోరు మూయించింది గూడ నేనే. ఆ లారీని సూసి నడుపు."

క్వార్టర్ తలుపు బార్లా తెరిచి ఉంది. ముందర రెండు మూటలు, ఒక బకెట్టులో గిన్నెలు. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళ మనిషి మూటమీద కూర్చుని ఉంది. పిల్లలు బడి నుంచి రాగానే వాళ్ళను తీసుకుని కాసిపేటలో ఉన్న తల్లి దగ్గరకు పోవాలని సిద్ధమైంది. మేమింకో రెండు గంటలు ఆలస్యమైతే ఆ ఇంటికి తాళమే కనపడేది.

"కంప్యూటర్ సెక్షన్ నుంచి వచ్చిన బిడ్డా. పొద్దుగాల నీకు కబురు వంపింది మేమే. అది తప్పు. నీ కొలువు ఎక్కడికి పోలే. లే, డ్యూటీకి పోదాం," అన్నాను.

ఆమె లేవలేదు. నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"ఫోన్లనేమో పోయిందని వచ్చె. మీరేమో పోలేదంటున్నరు. నేను ఏది నమ్మాలె?"

"నా మాట నమ్ము. ఫోన్ ఎందుకు బందు వెట్టినవ్? మళ్ళ కబురు వంపినం గదా."

"మా మరిది అర్జీ వెట్టిండమ్మా, మా అన్న కొలువు నాకే రావాల్నని. గదే పనిచేసిందనుకున్న. ఆయన ఫోన్ జేసి నవ్వుతడు. ఆ నవ్వు ఇనలేక బందు వెట్టిన." అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఒక్కసారి బయటపడింది. "చేరినకాడి సంది ఒక్క నాగా వెట్టలేదమ్మా. పిల్లగానికి జరమొచ్చి దవాఖానల ఉంటే గూడ మా అవ్వను కూసోవెట్టి పోయిన."

మా అవ్వ మాడిన ముఖం కళ్ళముందుకొచ్చింది. తలుపు దగ్గరే ఆమె పక్కన నేలమీద కూర్చున్నాను.

"తప్పు నాదే బిడ్డా. ఒక్క పేరు తప్పు వెట్టిన. నన్ను తిట్టు, పడుత. గాని మూడింటికి మస్టర్ బందయితది. తొవ్వల తిట్టుకుంట పోదాం రా."

"గట్లయితే కాయితం మీద రాసియ్యమ్మా. ఫోన్ల వచ్చేదాన్ని ఇంక నేను నమ్మ."

ఫోన్ల మీద నమ్మకంతోనే రెండేళ్ళుగా పనిచేసినదాన్ని, నా సంచిలో కాగితం ముక్క లేదు. గుమాస్తా జేబులోంచి తన సెలవు నకలు తీసి ఇచ్చాడు. దాని వెనక రాశాను: "ఈ రోజు ఫోనుకు వచ్చిన కబురు తప్పు. ఆ తప్పు నాది. ఈమె పేరు మస్టర్ రోల్‌లో ఉంది." కింద సంతకం, నా ఉద్యోగి నంబరు. ఆమె రెండుసార్లు చదువుకుంది. మడిచి కొంగున ముడేసుకుంది. మూటలు పక్కింటావిడకు అప్పగించి, ఐదు నిమిషాల్లో డ్యూటీ బట్టల్లో బయటికొచ్చింది.

బండిమీద ముగ్గురం. గుమాస్తా, నడుమ ఆమె, వెనక నేను. ఉద్యోగంలో చేరినప్పుడు కూడా నేనంత గట్టిగా దేవుణ్ణి పట్టుకోలేదు. గని గేటు దగ్గర దిగేసరికి మూడు కావడానికి ఆరు నిమిషాలున్నాయి. హాజరు మిషను ముందు ఆమె నిలబడి మొహం చూపించింది. మొదటిసారి చెమటకు, దుమ్ముకు అది ఆమెను గుర్తుపట్టలేదు. ఎర్రలైటు. ఆమె తిరిగి నా వైపు చూసిన చూపు చచ్చినా మరిచిపోను.

"మొహం తుడుచుకో బిడ్డా, మొహం!" అని అరిచాను.

కొంగుతో తుడుచుకుని మళ్ళీ నిలబడింది. పచ్చలైటు.

"పడ్డదమ్మా!" అంది. "మస్టర్ పడ్డది!"

నాకు ఏడుపు ఆగలేదు. గుమాస్తా అటు తిరిగి కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. దుమ్మట. ఔను, దుమ్మే.

సాయంత్రం సారు పిలిచాడు. మంచివాడే, కోపం మాత్రం ముక్కుమీద ఉంటుంది. "గేటు రిజిస్టరులో మీరు ఒకటిన్నర నుంచి లేరు. అవుట్‌పాస్ లేదు. సగంరోజు సెలవు కూడా పెట్టలేదు. ఆబ్సెంట్ పడింది, తెలుసా?"

"తెలుసు సార్."

ఆయన గొంతు తగ్గించాడు. "ఒక పని చేయండి. సర్వర్ లోపం వల్ల తప్పు కబురు పోయిందనీ, దాన్ని సరిచేయడానికి డ్యూటీమీదే వెళ్ళాననీ రాసివ్వండి. ఆబ్సెంట్ తీయించేస్తాను. రిటైర్మెంటు ముందు మీకెందుకీ మచ్చ?"

ఆశ పుట్టలేదని చెప్తే అబద్ధం. ఆ రాత్రికి ఇంట్లో చెప్పుకోవడానికి ఎంత హాయిగా ఉండేదో. కానీ ఆమె కొంగున ముడేసుకున్న కాగితంలో ఒకటి రాసి, సారు కాగితంలో ఇంకొకటి ఎట్లా రాస్తాను?

"సర్వర్ ఏం తప్పు చేసింది సార్? చెప్పినట్టు చేసింది. పేరు పెట్టింది నేను. అదే రాసిస్తాను," అన్నాను. రాసిచ్చాను. ఒక వార్నింగ్ లెటర్ వచ్చింది, ఆబ్సెంట్ అట్లాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే పెద్దపల్లి పిల్ల బస్సు దిగి రాకముందే నేను ఆమె కుర్చీ దగ్గర నిలబడ్డాను. ఆ పిల్ల రాగానే "నువ్వు చెప్పిందే నిజం బిడ్డా" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి పొద్దున లేచినప్పటి నుంచీ సాధన చేశాను. ఇద్దరం కూర్చుని లైబ్రరీని విప్పి మళ్ళీ కట్టాం. ‘బదిలీ’ అన్న ఒంటి పేరు తీసేశాం. ఒకటి బదిలీ వర్కర్లు, ఇంకొకటి ట్రాన్స్‌ఫర్ అయినవాళ్ళు. అంతటితో ఆగలేదు. సెగ్మెంటు కట్టాక దాన్ని వెంటనే పంపనివ్వకుండా, "ఈ కబురు ఇటువంటివాళ్ళకు పోతుంది" అని మామూలు మాటల్లో చదివి వినిపించేట్టు చేశాం. పట్టికలోంచి ముగ్గురి పేర్లు, వాళ్ళ పనులు చూపించి, "వీళ్ళకేనా?" అని అడిగేట్టు రాశాం. ముగ్గురు మనుషుల పేర్లు కళ్ళముందు కనపడితే చెయ్యి దానంతటదే ఆగుతుంది. ఆ ఆలోచన కూడా ఆ పిల్లదే. నాదని చెప్పుకుందామనుకున్నాను గానీ ఈ కథ రాస్తూ ఆ పని చేస్తే బాగుండదు.

మీరు రాసే పేర్లు మీ ఇంట్లో ఏ అర్థంతో పలుకుతారో అందరిళ్ళలో అదే అర్థంతో పలకరు. ఎవరైనా పక్కనుంచి "ఇది వేరేలా వినపడుతోంది" అంటే, వాళ్ళు మీకంటే చిన్నవాళ్ళయినా సరే, ఒకసారి ఆగండి. నేను ఆగలేదు. నాకు చెప్పే అర్హత అందుకే వచ్చింది.

కొత్త ఏడాది మార్చిలో మస్టర్లు నిండిన బదిలీ వర్కర్లను పర్మినెంటు చేస్తూ ఆర్డర్లు వచ్చాయి. ఆ కబురు పంపింది గుమాస్తానే, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని. ఆమెకు చేరిందని రిపోర్టులో పచ్చగీత పడేదాకా ఇద్దరం లేవలేదు. సాయంత్రం ఆమె దగ్గర నుంచి ఫోను వచ్చింది. "ఈసారి నిజమేనా అమ్మా? లేకుంటె మళ్ళ కాయితం రాసిస్తవా?" అని నవ్వింది.

ఆ వేసవిలో నేను రిటైరయ్యాను. చివరిరోజు సర్వీసు షీటు అచ్చు తీసి తెచ్చింది ఆ గుమాస్తానే. ముప్పై మూడేళ్ళ హాజరు పట్టిక. ఒక్క డిసెంబరులో ఒక్క గడిలో ‘ఆబ్సెంట్’. దానిమీద వేలు పెట్టి ఆయన అడిగాడు.

"అక్కా, కొత్త సారు మంచోడు. ఒక్క అర్జీ రాస్తే గిప్పుడన్న తీసేస్తడు. అంత శుభ్రంగున్న సర్వీసుల గిదొక్కటే ఉన్నది."

వద్దన్నాను. ఎందుకు వద్దంటున్నానో ఆయనకు చెప్పాను, మీకూ చెప్తాను. చిన్నప్పుడు మా నాయిన బాయికి బయలుదేరేటప్పుడు మా అవ్వ గడపలో నిలబడి ప్రార్థన చేసేది. ఇవాళ ఎవరో ఒకరు నాగా పెట్టేట్టు చూడు ప్రభువా అని. ఇంకొకరి నాగా కోరుకుంటున్నందుకు సిగ్గుపడి, ఆ మాట మాకు వినపడకుండా గొణిగేది. మాకు వినపడేది. మా నాయినకు పడిన ప్రతి మస్టరూ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి పెట్టిన నాగా.

"ఉండనియ్ తమ్మీ," అన్నాను. "మా ఇంటి తరఫున ఒక్కటన్న ఉండాలె గదా."